చూసుకునేది కోడలు, రాసేది కొడుకు పేరునా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 71 ఏళ్లు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన వీలునామా ఏమీ రాయలేదు. ఆయన కొన్న పది సెంట్ల స్థలంలో డాబా ఇల్లుంది. మా నాన్నగారు పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర కొబ్బరి తోట నా పేరున ఉంది, పాస్ పుస్తకం కూడా ఉంది. బ్యాంకులో నాలుగు లక్షలు, ఒక కాసులపేరు, నాలుగు గాజులు, ఇత్తడి సామాను ఉన్నాయి. పెద్దబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం, నాకేమీ వద్దమ్మా అంటాడు. అమ్మాయి కువైట్‌లో ఎనిమిదేళ్లు పనిచేసి పంపిన డబ్బుతోనే పెంకుటిల్లు తీసేసి డాబా వేశాం. ఇప్పుడు తిరిగొచ్చి రాజోలులో అద్దెకుంటోంది. చిన్నబ్బాయి నాతోనే ఉంటాడు, తోట చూసుకుంటాడు. చిన్న కోడలు బీపీ, సుగరు మందులు వేళకిస్తుంది. కిందటేడు తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచాన పడితే అన్నీ తనే చేసింది. చిన్నబ్బాయేమో ఇల్లూ తోటా ఇప్పుడే తన పేరున దఖలు రాసేయమంటున్నాడు, తర్వాతైతే రిజిస్ట్రేషన్ ఖర్చు పెరుగుతుందట. దఖలు రాయాలా, వీలునామా రాయాలా? కాసులపేరు కూతురికివ్వాలా, కోడళ్లకా? అంతర్వేది స్వామివారి అన్నదానానికి కొంత ఇవ్వాలని కూడా ఉంది. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అక్క భయపెడుతోంది. ఈ ఉత్తరం మా అమ్మాయి కూతురు ఫోనులో టైపు చేసి పంపింది.
ఒక తల్లి, కోనసీమ

సమాధానం:

అమ్మా, ముందు చిన్నబ్బాయి అడిగినదానికి జవాబు. ఇప్పుడే దఖలు, అంటే మీరుండగానే ఆస్తి రాసిచ్చేసే దస్తావేజు, రాయకండి. తోట సంగతి తర్వాత చెబుతాను. ఇల్లు మాత్రం మొత్తంగా రాద్దామనుకున్నా మీ వల్ల కాదు, ఎందుకంటే అది మొత్తం మీది కాదు.

ఇది విని కంగారు పడకండి. భర్త పోయాక ఇల్లు తనదే అనుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పంచాయతీలో ఇంటి పన్ను రసీదు మీ పేరున మారినా, కరెంటు మీటరు మీ పేరున ఉన్నా హక్కు మారదు. స్థలం మీ ఆయన సొంతంగా కొన్నారు, వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, బతికుంటే ఆయన తల్లికి కూడా సమాన వాటాలు వస్తాయి. మీ అత్తగారు అప్పటికే కాలం చేశారనుకుంటే వాటాదార్లు నలుగురు: మీరు, ఇద్దరబ్బాయిలు, అమ్మాయి. ఆయన పోయిన రోజునే తలా పావు వచ్చేసింది. ఎవరూ కాగితం రాసుకోకపోయినా అంతే. మీరు వీలునామాలో రాయగలిగింది ఆ ఇంట్లో మీ పావు వాటా మాత్రమే.

అమ్మాయికి పెళ్లయిపోయింది, కట్నం ఇచ్చేశాం కదా అని ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు. కట్నం ఇచ్చినంత మాత్రాన తండ్రి ఆస్తిలో వాటా పోదు. మీ ఇంటిది స్వార్జితం కాబట్టి లెక్క తేలిగ్గా తేలింది. పిత్రార్జితమైతే లెక్క వేరేగా ఉంటుంది కానీ అక్కడ కూడా ఆడపిల్లని పక్కన పెట్టడానికి లేదు. 2005 సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికున్నా లేకపోయినా ఆ హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

కువైట్, మస్కట్, దోహా డబ్బుతో లేచిన డాబాలు కోనసీమలో వీధివీధినా కనిపిస్తాయి. ఆ డబ్బు పంపిన ఆడపిల్ల పేరు మాత్రం దస్తావేజుల్లో కనిపించదు. మీ అమ్మాయి పంపిన డబ్బుకి ఇంట్లో అదనపు హక్కు రావడం చట్టప్రకారం చాలా కష్టం. తల్లిదండ్రులకి పంపినదాన్ని ఇంటి ఖర్చులకిచ్చినట్టే చూస్తారు. కాబట్టి ఆ బాకీ తీర్చే దారి మీ చేతిలోనే ఉంది. మీ పావు వాటాని అమ్మాయికి వీలునామా రాస్తే, ఆమెకి తండ్రి వల్ల వచ్చిన పావుతో కలిపి సగం ఇల్లవుతుంది. పెద్దబ్బాయికి నిజంగానే ఏమీ వద్దంటే, తన పావు వాటాని తమ్ముడికి హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించమనండి. అప్పుడు ఇల్లు అమ్మాయికీ చిన్నబ్బాయికీ చెరిసగం. ఎనిమిదేళ్లు ఎడారిలో పనిచేసిన మనిషి తన డబ్బుతో లేచిన ఇంటి పక్కనే అద్దె కట్టుకుంటూ ఉండటం నాకైతే బాగోలేదు.

పెద్దబ్బాయి ‘వద్దమ్మా’ అన్న మాటకి కూడా ఒక హద్దుంది. తండ్రి వల్ల ఇప్పటికే వచ్చిన వాటాని వదులుకోవాలంటే రిజిస్టరైన కాగితం కావాలి, ఫోనులో అన్నది చాలదు. ఇక మీ తోటలో ఆయనకి ఇవాళ ఏ హక్కూ లేదు. లేనిదాన్ని ఇప్పుడు వదులుకున్నా రేపు అది ఆయన్ని కట్టేయదు. మనిషి మనసు మారొచ్చు, ఉద్యోగం పోవచ్చు, ఆయన భార్యాపిల్లలు వేరేలా ఆలోచించొచ్చు. ‘వద్దన్నాడు కదా’ అని ఆయన్ని పూర్తిగా వదిలేసి రాస్తే, గొడవ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇక తోట. ఇది పూర్తిగా మీదే. ఆడవాళ్లకి పుట్టింటివారు ఇచ్చినది, పెళ్లిలో వచ్చినది, సంపాదించుకున్నది, అంతా ఆమె సర్వహక్కుల ఆస్తి అని 1956 చట్టం 14వ సెక్షను చెబుతుంది. అందులో కొడుకులకి గానీ మనవలకి గానీ పుట్టుకతో హక్కు రాదు. ఎవరికి రాస్తారో మీ ఇష్టం. ఏమీ రాయకపోతే మీ తర్వాత ముగ్గురు పిల్లలకీ సమానంగా వెళ్తుంది. కాబట్టి మీ కోరిక అదే అయితే తోట కోసం వీలునామా అవసరమే లేదు. కానీ మీ ఉత్తరం చదివాక మీ మనసులో ఉన్నది అది కాదనిపించింది.

ఒక్కటి చూసుకోండి. పాస్ పుస్తకం ఉందన్నారు, మూల దస్తావేజు ఉందో లేదో రాయలేదు. పాస్ పుస్తకం రెవెన్యూ లెక్కకి బలమే కానీ హక్కుకి పూర్తి రుజువు కాదు. 1986 ఆగస్టు వరదలోనో 1996 నవంబరు తుపానులోనో కాగితాలు తడిసి పోయిన ఇళ్లు మన లంకల్లో, తీరం ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. మీది పోయినా, అప్పట్లో రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు దొరుకుతుంది. ఆ పాత కాగితంలో తూర్పు గోదావరి జిల్లా, రాజోలు తాలూకా అని ఉంటుంది. ఇప్పుడు మీది కోనసీమ జిల్లా. వీలునామాలో రెండూ రాయించండి. రీసర్వే జరిగిన ఊరైతే పాత సర్వే నంబరుతో పాటు, రీసర్వేలో మీ ముక్కకి ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా రాయించండి. సరిహద్దులుగా పక్క రైతు పేరు ఒక్కటే రాస్తే, ఆ రైతు అమ్ముకుని వెళ్లిపోయాక అది ఎక్కడో తేల్చడానికి సర్వేయరు రావాలి.

దఖలుకీ వీలునామాకీ తేడా ఇంతే. దఖలు రిజిస్టరైన రోజునే ఆస్తి మీ చెయ్యి దాటిపోతుంది. వీలునామా మీరున్నంతకాలం వట్టి కాగితమే. ఎన్నిసార్లయినా మార్చొచ్చు, చింపొచ్చు, కొత్తది రాయొచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. తోటలో కాయలు దింపిన డబ్బు మీదే, అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి రేటు పెరిగితే ఆ లాభమూ మీదే. ఖర్చు పెరుగుతుందన్న మాటలోనూ పస లేదు. వీలునామాకి స్టాంపు డ్యూటీ అంటూ ఉండదు. తెల్ల కాగితం మీద రాసుకోవచ్చు, రిజిస్టరు చేయించినా చిన్న ఫీజే.

మీ అబ్బాయి మంచివాడు కాదని నేననడం లేదు. కానీ దఖలు రాసే తల్లి చూసుకోవాల్సింది కొడుకు మంచితనాన్ని కాదు, కొడుకు అప్పుల్ని. మన డెల్టాలో రొయ్యల చెరువు లీజుకి తీసుకోని మగపిల్లాడు ఎక్కడున్నాడు? వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ తెగులుతో పోతే మేత షాపు బాకీ, ఫైనాన్సు బాకీ ఎంతవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తోట ఆయన పేరున ఉంటే అప్పులవాళ్లు దాని మీదికే వస్తారు. మీ పేరున ఉంటే రాలేరు. కాబట్టి తోట మీ పేరున ఉండటం ఆయనకే రక్ష. ఈ మాట ఆయనతో కోపంగా కాకుండా నిదానంగా చెప్పండి.

ఇప్పటికే దఖలు రాసేసి ఇది చదువుతున్న తల్లులు కూడా ఉంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. నన్ను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చాక చూడకపోతే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునలు ఆ దస్తావేజుని రద్దు చేయగలదు. ఆ షరతు దస్తావేజులో కనిపించేలా రాయించుకున్నవాళ్లకి పని సులువవుతుంది. ‘ప్రేమతో రాసిస్తున్నాను’ అని మాత్రమే రాయించుకున్నవాళ్లు తిప్పలు పడుతున్నారు.

అసలు విషయానికొస్తాను. మీ ఉత్తరంలో మందులిచ్చేది చిన్న కోడలు, మంచాన పడితే చేసింది చిన్న కోడలు. ఆస్తి దగ్గరికొచ్చేసరికి ఆ పేరు మాయమైపోయి చిన్నబ్బాయి పేరొచ్చింది. మీరు కావాలని చేసింది కాదు. అందరూ అలాగే రాస్తారు, అలాగే అనుకుంటారు: కొడుక్కిస్తే కోడలికిచ్చినట్టే కదా అని. కాదమ్మా. చట్టం దృష్టిలో కోడలు మీకు వారసురాలు కాదు. మీరు ఏమీ రాయకుండా వెళ్తే మీ తోటలో ఆమెకి ఒక్క సెంటు రాదు. కొడుక్కి రాస్తే ఆ ఆస్తి కొడుకుది. ఆయన అమ్మినా, తాకట్టు పెట్టినా, రేపు వాళ్లిద్దరికీ పడక ఆమె పుట్టింటికి వెళ్లాల్సి వచ్చినా, మీ తుంటి విరిగినప్పుడు రాత్రుళ్లు లేచిన మనిషికి చేతిలో ఏమీ ఉండదు. సేవకి ప్రతిఫలంగా ఏదైనా ఇవ్వాలని మీ మనసులో ఉంటే, అది సేవ చేసిన మనిషి పేరున రాయండి. పూర్తి పేరు, తండ్రి పేరు, భర్త పేరు రాసి, ఫలానా సర్వే నంబరులో ఫలానా వైపు ఇన్ని సెంట్లు అని స్పష్టంగా రాయండి.

కోడలికి రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మీరు కొడుక్కో కూతురికో రాసి, వాళ్లు మీకంటే ముందు పోతే, వాళ్లకి పిల్లలుంటే ఆ వాటా చెల్లిపోదు, వాళ్ల వారసులకి అందేలా చట్టం కాపాడుతుంది. కోడలికి ఆ రక్షణ లేదు. ఆమె మీకంటే ముందు పోతే ఆ రాత చెల్లకుండా పోతుంది. అందుకే ‘ఆమె నాకంటే ముందు గతిస్తే ఆమె పిల్లలకి సమానంగా’ అని ఒక వాక్యం కలపాలి. తొందరలో రాసేవాళ్లు మరిచిపోయే వాక్యం ఇదే.

నేనైతే ఎలా రాస్తానని అడుగుతారేమో. తోట 150 సెంట్లు. 50 చిన్న కోడలికి, 50 చిన్నబ్బాయికి, 50 అమ్మాయికి. ఇంట్లో మీ పావు వాటా అమ్మాయికి. బ్యాంకులో మిగిలినది పెద్దబ్బాయికి. ఇది నమూనా మాత్రమే. మీ పిల్లలు మీకు తెలుసు, నాకు తెలీదు. ఎన్ని సెంట్లన్నది మీరు మార్చుకోండి. కానీ ఏ ముక్క ఎవరిదో రాసి ఊరుకోకండి. మధ్య ముక్క వాళ్లకి బాట ఎటునుంచి, బోదె నీళ్లు ఎవరి గట్టు మీదుగా, బోరు మోటారు ఎవరిది, కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి, కాయ రాసి పోసుకునే జాగా ఎవరి వాటాలో పడుతుంది, ఇవన్నీ రాయించండి. కోర్టులో నేను చూసిన తోట తగాదాల్లో ఎక్కువ భాగం సెంట్ల కోసం కాదు, దింపు రోజున బండి వెళ్లే దారి కోసం వచ్చినవే. చివర్లో ‘పైన రాయని, ఇకముందు నాకు వచ్చే ఏ ఆస్తి అయినా’ ఎవరికి చెందాలో కూడా ఒక వాక్యం ఉండాలి. ఇంకో మాట: వీలునామా రాశాక మీరే ఆ ఆస్తిలో కొంత అమ్మేసినా, లంక భూమి ఉన్నవాళ్లకి అది గోదారి కోతకి పోయినా, ఆ రాత అంతవరకు పోయినట్టే. దాని బదులు ఇంకోటి అడగడానికి ఉండదు. కాబట్టి ఏదైనా మారినప్పుడల్లా కాగితం తీసి చూసుకోవాలి.

ఎవరికి ఎందుకు తక్కువో, ఎందుకు ఎక్కువో మీ మాటల్లో ఒక్కో వాక్యం రాయండి. ‘నేను మంచాన ఉన్నప్పుడు చేసిన సేవకి.’ ‘ఇల్లు కట్టడానికి కువైట్ నుంచి పంపిన డబ్బుకి.’ ‘పెద్దబ్బాయికి చదువుకి ఖర్చు పెట్టాం, ఉద్యోగం ఉంది, తనకి అక్కర్లేదని తానే చెప్పాడు.’ సొంత పిల్లల్లో ఒకరికి తక్కువ పెట్టినప్పుడు కోర్టు మొదట వెతికేది కారణాన్నే. అన్నదమ్ములు వెతికేదీ అదే. తక్కువ వచ్చినందుకు పడే బాధ కొన్నాళ్లకి సర్దుకుంటుంది, ఎందుకు తక్కువో తెలియకపోతే మాత్రం అమ్మ చేత ఎవరో రాయించారన్న అనుమానం పట్టుకుంటుంది. అయితే తిట్లు రాయకండి. అది చదివేటప్పుడు సర్దిచెప్పడానికి మీరుండరు.

కాసులపేరు మీకు ఎవరు పెట్టారో రాయలేదు. మన వైపు చాలా ఇళ్లలో పుట్టింటి నగ కూతురికి, అత్తింటి నగ కోడలికి అన్న పద్ధతి ఉంది. చట్టంలో అలాంటి నియమం లేదు కానీ ఇంట్లో ఎవరూ తప్పుపట్టని కారణం అది. ముగ్గురికీ కాసులు విడదీసి పంచేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నాకు నచ్చదు. విడదీశాక అది కాసులపేరు కాదు, తలా కాస్త బంగారం. ఒకరికిచ్చి, గాజులు మిగతా ఇద్దరికీ చెరి రెండు పెట్టండి. ఇవ్వదలచుకుంటే మీరుండగానే, అందరి ఎదుటా, చేతికివ్వండి. నగకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికిస్తే చాలు. మనవరాలి పెళ్లిలో అది మెడలో ఉంటే మీరే చూసుకోవచ్చు. గాజులు మాత్రం చివరిదాకా మీ చేతికే ఉండనివ్వండి, ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు. సొసైటీలోనో బ్యాంకులోనో ఏదైనా నగ తాకట్టులో ఉంటే, ఆ అప్పు ఎవరు తీర్చాలో రాయండి. రాయకపోతే నగ ఎవరికి రాశారో తాకట్టు భారం కూడా వాళ్ల మీదే పడుతుంది.

ఇత్తడి సామానుని తేలిగ్గా తీసుకోకండి. ఎకరాలు నవ్వుతూ పంచుకున్న అక్కచెల్లెళ్లు పులుసు కాచే రాచిప్ప దగ్గర మాటలు మానేయడం నేను చూశాను. ఆ రాచిప్ప బజారులో ఎంతకొస్తుంది? అమ్మ చెయ్యి దాని మీద పడింది కాబట్టి దానికంత విలువ. ముగ్గురు పిల్లల్నీ, ఇద్దరు కోడళ్లనీ విడివిడిగా అడగండి: ఇంట్లో నీకు ఇష్టమైన వస్తువు ఒక్కటి చెప్పు అని. మీరనుకున్నవి అడగరు. గుండిగలు ఎవరికీ అక్కర్లేకపోవచ్చు, వాళ్ల నాన్నగారి పడక కుర్చీ ఇద్దరు అడగొచ్చు. అప్పుడు జాబితా రాయండి. అది వీలునామాకన్నా ముందే రాసి, సంతకం పెట్టి, ‘ఈ రోజు నేను సంతకం చేసి జతపరచిన జాబితా ప్రకారం’ అని వీలునామాలో ప్రస్తావించాలి. తర్వాత డైరీలో రాసి పెట్టుకున్న జాబితాకి చట్టప్రకారం విలువ ఉండదు.

బ్యాంకు డబ్బుకి నామినీ ఎవరో చూసుకోండి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే కానీ సొంతదారు కాదు. వీలునామాలో ఒకరు, నామినీగా ఇంకొకరు ఉంటే పిల్లల మధ్య మీరే తగాదా పెట్టినట్టవుతుంది. రెండూ ఒకటి చేయండి. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకి నలుగురిదాకా నామినీలను పెట్టి, ఎవరికి ఎంతో కూడా రాయించుకునే వీలొచ్చింది.

అంతర్వేది అన్నదానానికి వీలునామాలో రాసి పిల్లల మీద వదిలేయకండి. ఇవ్వదలచుకున్నది ఇప్పుడే కట్టి రసీదు తీసుకోండి. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వెళ్లినప్పుడే ఆ పని అయిపోతుంది.

మీ అక్కగారి భయానికి నా దగ్గర మందు లేదు. వీలునామా రాసి హాయిగా ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు రాజోలు చుట్టుపక్కలే బోలెడుమంది ఉంటారు, ఆవిడకి వాళ్లని చూపించండి.

సాక్షులు ఇద్దరుండాలి. మీరు సంతకం పెట్టడం వాళ్లిద్దరూ చూడాలి, మీ ఎదుట వాళ్లూ పెట్టాలి. లోపల ఏముందో వాళ్లకి చదివి వినిపించనక్కర్లేదు. మన ఊళ్లలో గౌరవం కొద్దీ ఊరి పెద్దమనుషుల్ని సాక్షులుగా పెడతారు. తీరా అవసరం పడేసరికి ఆ పెద్దమనుషులు ముందే వెళ్లిపోయి ఉంటారు. రేపు ఎవరైనా కాదంటే, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకని మీకన్నా బాగా చిన్నవాళ్లని, ఊరు వదిలి వెళ్లనివాళ్లని, వీలునామాలో ఏ లాభమూ లేనివాళ్లని పెట్టుకోండి. మీకు మందులు రాసే డాక్టరుగారు ఒక సాక్షిగా ఉంటే ఇంకా మంచిది. అప్పటికి మీ మతి స్థిమితంగా ఉందా అన్న ప్రశ్నకి ఆయన ఒక్క మాట చాలు.

లాభం పొందేవాళ్లు దగ్గరుండి రాయించారంటే కోర్టులు అనుమానంగా చూస్తాయి. 1959లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది, ఇప్పటికీ దాన్నే పట్టుకుని వాదిస్తారు. కాబట్టి చిన్నబ్బాయి బండి మీద వెళ్లి, ఆయన తెచ్చిన డాక్యుమెంట్ రైటరు చేత రాయించి, ఆయన స్నేహితుల చేత సాక్షి సంతకాలు పెట్టించకండి. మీ మనవరాలికి కూడా ఇదే మాట: ఉత్తరం చక్కగా టైపు చేశావు తల్లీ, వీలునామా మాత్రం నువ్వు టైపు చేయకు. ఆటో మాట్లాడుకుని మీరే వెళ్లండి. తోడు కావాలంటే ఈ ఆస్తితో సంబంధం లేని మీ పుట్టింటివాళ్లెవరినైనా పిలుచుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మీ విషయంలో చేయించమనే చెబుతాను. కోడలికి రాస్తున్నారు, పిల్లల మధ్య హెచ్చుతగ్గులున్నాయి. అలాంటప్పుడు కాగితం గట్టిగా ఉండాలి. మీరున్నంతకాలం ఆ వీలునామా నకలు ఇంకెవరికీ ఇవ్వరు, ఆస్తి లావాదేవీలు చూపించే ఈసీ తీసినా అందులో కనిపించదు. నడవలేని పరిస్థితి వస్తే అర్జీ పెట్టుకుని సబ్ రిజిస్ట్రారునే ఇంటికి పిలిపించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కాకపోయినా, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే పద్ధతి కూడా ఉంది. మీ తర్వాత దీనికి ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తెచ్చుకోవాల్సిన పని మన జిల్లాల్లో లేదు. వీలునామా, మరణ ధ్రువపత్రం పట్టుకుని, రికార్డుల్లో పేరు మార్చడానికి తహసీల్దారు దగ్గర మ్యుటేషన్‌కి పెట్టుకుంటారు. ఎవరైనా అభ్యంతరం పెడితేనే సివిల్ కోర్టు.

పిల్లలకి ముందే చెప్పాలా అన్నది మీరడగలేదు కానీ అడిగినట్టే అనుకుంటాను. చెప్పండి. కాగితం చూపించక్కర్లేదు, సారాంశం చెప్పండి, కారణంతో సహా. ముందు రిజిస్టరు చేయించి ఆ తర్వాత చెప్పండి, లేకపోతే తలా ఒక సవరణ చెప్పి మిమ్మల్ని నలిపేస్తారు. సంక్రాంతికి అందరూ ఒకచోట ఉంటారు కదా అని అప్పుడు మాత్రం ఎత్తకండి. బరి దగ్గర పందెం పోగొట్టుకుని వచ్చిన వాళ్ల ముందు ఆస్తి మాట మాట్లాడకూడదు. పండగలు లేని ఏ ఆదివారమో పెద్దబ్బాయిని రమ్మనండి.

ఇతర పాఠకులకి ఒక ముక్క. ఈ జవాబు హిందూ కుటుంబానికి రాసింది. క్రైస్తవ కుటుంబాల్లో భర్త వీలునామా లేకుండా పోతే భార్యకి మూడోవంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకి. ముస్లిం కుటుంబాల్లో అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మూడోవంతుకి మించి వీలునామా రాయాలంటే వారసుల ఒప్పుదల కావాలి. వాళ్లు తమ లెక్క విడిగా అడిగి తెలుసుకోవాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లే రోజు టిఫిను తిని, బీపీ మాత్ర వేసుకుని బయల్దేరండి. అక్కడ ఎంతసేపు కూర్చోవాల్సి వస్తుందో చెప్పలేం. మీ ఆధార్, ఫోటోలు, సాక్షులిద్దరి ఆధార్ కార్డులు, తోట పాస్ పుస్తకం, దస్తావేజు నకలు పట్టుకెళ్లండి. కళ్లద్దాలు మరిచిపోకండి. రైటరు రాసింది మీరే మొదటినుంచి చివరిదాకా చదవండి. చదవలేకపోతే సాక్షుల ఎదుట గట్టిగా చదివించుకుని, ‘చదివి వినిపించగా విని సరైనదని ఒప్పుకున్నాను’ అన్న వాక్యం ఉందో లేదో చూసుకుని ప్రతి పేజీ మీదా సంతకం పెట్టండి. సెంట్ల దగ్గర, సర్వే నంబర్ల దగ్గర ఆపి మళ్లీ చదివించండి. ఎక్కడ తప్పు పడినా ఆ పేజీ మార్చి కొత్తది రాయించమనండి, కొట్టివేతలు ఒప్పుకోకండి.